మామ తెరవని టాపు

కాదు, ఎన్నిసార్లు అడిగినా నా జవాబు ఇదే. కొబ్బరినూనె నెత్తికి రాసుకునేది, బండికి కాదు. వెంట్రుకలకు కుదుళ్లుంటాయి, రెక్సిన్‌కు ఉండవు. ఈ మాట మా మామకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇవాళ పొద్దున మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టాడు. "కోడలా, నువ్వు షాంపూ పెట్టుడు తోటే టాపు పలిగింది. కుషన్ షాపాయిన గూడ గదే అన్నడు." ఒకసారి విన్నాను, కోపం వచ్చింది. సరిగ్గానే విన్నానా అని మళ్లీ విన్నాను, ఇంకా ఎక్కువ వచ్చింది. నూనె తగిలితే టాపు కుట్లు ఎట్లా చివికిపోతాయో చూపించే వీడియో లింకు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. చూశాడు, తెరవలేదు. మామ దేన్నీ తెరవడు. మా గొడవంతా అక్కడే ఉంది.

మామ అంటే మా మేనత్త భర్త. కరీంనగర్‌లో ఉంటారు. చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఒక పెద్దింటి డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. వాళ్లింట్లో ఏ వస్తువూ తన ఒంటితో కనిపించదు. టీవీ రిమోట్‌కు కవరు. సోఫాకు కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద దుప్పటి. దుబాయ్ నుంచి తెచ్చిన మెత్తటి రగ్గు జిప్పు సంచిలోనే ఉంది, దాని మీది పులి బొమ్మ ఏ రంగో అత్తమ్మకు కూడా గుర్తులేదు. నేను హైదరాబాద్‌లో హాస్టల్ వాళ్లతో గొడవపడి, ఇంటి నుంచి పని చేస్తానని మేనేజర్‌కు చెప్పి, కొన్నాళ్లు ఉందామని అక్కడికి వెళ్లాను. వెళ్లిన పూటే మామతో గొడవ పెట్టుకోవాలని నాకేం లేదు. వాకిట్లో ఆ జీపు లేకపోతే పెట్టుకునేదాన్నే కాదు.

పాత జీపు అది. ఇనుప కమాన్ల మీద నల్ల రెక్సిన్ టాపు, చుట్టూ టిచ్ బటన్లు, వెనకాల అద్దం బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. బటన్లు ఊడదీసి కమాన్లు వెనక్కి వంచితే టాపు మొత్తం మడత పడుతుంది, బండి ఓపెన్ అయిపోతుంది. అట్లాంటి బండి కొనుక్కునేదే అందుకు. మామ కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆ బటన్లు తియ్యలేదు. పైగా టాపు మీద ఒక తాడిపత్రి పట్టా, తాడిపత్రికి తాళ్లు, దాని మీద కోతులు ఎక్కకుండా ఒక బొమ్మ పులి. నేను వెళ్లేసరికి ఒక పెద్ద కోతి ఆ పులి పక్కన కూర్చుని దాని తలలో పేలు చూస్తోంది.

"మామా, నీ సెక్యూరిటీ బాగుంది," అన్నాను.

"నవ్వు బిడ్డా నవ్వు. నీ ఫోనుకు కవరున్నది. ఫోను ముందట గ్లాసున్నది. గా కవరుకు మల్ల తాడున్నది మెడల ఏసుకుంటందుకు. నా జీపుకు తాడిపత్రి కప్పితె నీకు నవ్వొస్తున్నదా?"

మెడలోని ఫోనును చున్నీ కిందికి తోసుకున్నాను. జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

ఆ జీపు ఎందుకు కొన్నాడో అత్తమ్మ చెప్పింది. మామ గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఒక ఫొటో పంపాడట. సముద్రం ఒడ్డున వాళ్ల యజమాని ఓపెన్ కారు, పక్కన మామ, చేతిలో తుడిచే గుడ్డ. ఆ ఫొటో అత్తమ్మ చర్చిలో అందరికీ చూపించింది. గుడ్డ కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి చూపించిందట. ఆ రోజు ఫోన్లో మామను అడిగింది: "నన్ను గూడ గట్ల, మీద ఏం లేని బండిల ఒక్కసారి కూసోబెడ్తవా?" వచ్చినంక మొదటి పని అదే అన్నాడు మామ. మాట తప్పే మనిషి కాదు. వచ్చాక వెతికి వెతికి ఈ జీపు కొన్నాడు. చినిగిపోయిన పాత టాపు పీకేయించి, కుషన్ షాపులో దగ్గరుండి కొత్తది కుట్టించాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని మడిస్తే గీత పడుతుందని భయం పట్టుకుంది. ఆ భయంతో ఇన్నేళ్లు గడిచాయి. అత్తమ్మ ఆ జీపులో ఎన్నో పెళ్లిళ్లకు పోయింది, ఎన్నో చావులకు పోయింది, చీకట్లో ఉడుక్కుంటూ, వెనకాల ప్లాస్టిక్ కిటికీలోంచి చూస్తూ పోయింది. ఆ కిటికీని మామ న్యూస్‌పేపర్‌తో బర్రబర్రా తుడుస్తాడు, అందుకే గీతలు పడి మసకబారింది. దాంట్లోంచి చూస్తే మే నెలలో కూడా బయట మంచు కురుస్తున్నట్టే ఉంటుంది.

"గిది జీపు కాదు, గుడారం," అని అత్తమ్మ నవ్వుతూనే చెప్పింది. తర్వాత నవ్వకుండా ఇంకో మాట చెప్పింది. వచ్చే ఆదివారం బెల్లంపల్లిలో కోత పండుగ. పంట చేతికొచ్చిన వాళ్లు తొలి ధాన్యమో, కోడో, కూరగాయలో తెచ్చి చర్చిలో దేవుడి ముందు పెట్టే పండుగ. అత్తమ్మా మా నాన్నా పుట్టింది ఆ ఊళ్లోనే. మా తాత బొగ్గు బాయిలో ఫిట్టరు. వాళ్లు పెరిగిన క్వార్టర్లు ఇప్పుడు సగానికి పైగా ఖాళీ, ఆ వరుస మొత్తం త్వరలో కూల్చేస్తారని అంటున్నారు. వచ్చే పండుగకు ఆ వీధి ఉంటుందో లేదో.

"ఆ గల్లీల నుంచి ఒక్కపారి టాపు తీసి పోవాల్నని ఉన్నది బిడ్డా," అంది. "చిన్నప్పుడు బాపు సైకిల్ ముందట కడ్డీ మీద కూసుండి పోతుంటి. అందరు పిలుస్తుండె. ఇప్పుడు లోపట కూసుంటె నేనేనని ఎవరికి ఎర్క?"

అంతే. అంత చిన్న కోరిక. సముద్రం అడగలేదు, విమానం అడగలేదు. నాకు అక్కడికక్కడ ఒళ్లు మండింది. లేచి వెళ్లి పులిని కింద పడేసి తాడిపత్రి లాగేశాను.

వాసన. ముందు అది వచ్చింది. స్కూలుకెళ్లే పిల్లల జడల వాసన. మామ ప్రతి ఆదివారం టాపుకు కొబ్బరినూనె పట్టిస్తాడు, చేత్తో, మర్దన చేసినట్టు. ఆ నూనె మీద దుమ్ము, దుమ్ము మీద మళ్లీ నూనె. గోరుతో గీస్తే జిడ్డు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. తాడిపత్రి కింద తేమ బయటికి పోక ఒక మూల తెల్లటి బూజు కూడా పట్టింది. ఫొటోలు తీశాను, జూమ్ చేసి మామ ముఖం ముందు పెట్టాను.

"ఇది రక్షణా మామా? లోపల ఊపిరాడక చస్తోంది పాపం."

"ఎండకు ఎండి పలుగకుంట నూనె పెడ్తున్న. తోలు చెప్పులకు పెట్టమా, ఎడ్ల బండి ఇరుసుకు పెట్టమా?"

"ఇది తోలు కాదు, ప్లాస్టిక్. దీనికి నూనె తాగే గుణం లేదు. పైన కూర్చుని దుమ్మును పిలుస్తది అంతే."

"నువ్వెప్పుడన్న జీపు నడిపినవా?"

"నువ్వెప్పుడన్నా టాపు తెరిచినవా?"

అత్తమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, మళ్లీ లోపలికి పోయింది. లోపలి నుంచి గరిటె చప్పుడు ఆగిపోయింది, వింటోందన్నమాట. మామకు కూడా అది వినిపించి ఉండాలి. కాసేపు గడ్డం గోక్కుని ఒక ఒప్పందానికి వచ్చాడు. నేను దాన్ని నా ఫోను చెప్పినట్టే సాఫ్ చేసి, మెత్తగా చేసి చూపెట్టాలి. మడిస్తే పలగదని ఆయనకు నమ్మకం కుదిరితే ఆదివారం బెల్లంపల్లికి తెరిచి తీసుకుపోతాడు. కుదరకపోతే నేను ఆ జీపు సంగతి ఇంకెప్పుడూ ఎత్తకూడదు.

మర్నాడు ఫోన్‌ను బకెట్‌కు ఆనించి పెట్టి పని మొదలుపెట్టాను. వీడియోలో ఉన్నాయన దగ్గర నీళ్లు చిమ్మే గొట్టం ఉంది, రంగురంగుల గుడ్డలున్నాయి, ఎండ తగలని గ్యారేజీ ఉంది. నా దగ్గర మగ్గు ఉంది, అత్తమ్మ షాంపూ ప్యాకెట్లున్నాయి, మామ బూట్ల బ్రష్షు కొత్తది ఒకటి ఉంది. అది కూడా కవర్లోనే ఉంది. జీపును వేపచెట్టు నీడలోకి తోయించాను. ఎండలో కడిగితే సబ్బు అక్కడికక్కడే ఆరి మరకలు కడుతుందని వీడియోలో చెప్పాడు.

"నీడల కడ్గితె ఎప్పుడారాలె?" అన్నాడు మామ, కుర్చీ వేసుకుని కూర్చుని.

"నెమ్మదిగా ఆరాలె."

"నెమ్మది అనే మాట నీ నోట్లకెల్లి వచ్చిందా? ఏమేయ్, విన్నవా, కోడలు నెమ్మది అంటున్నది."

నీళ్లు పోసి, షాంపూ నురగ పట్టించి, మెత్తగా గుండ్రంగా రుద్దాను. కుట్లున్న చోట గట్టిగా రుద్దొద్దు. ప్లాస్టిక్ కిటికీకి బ్రష్షు అసలు తగలొద్దు, తడి గుడ్డతో ఒత్తాలి, కాగితం ముట్టించొద్దు. ఈ చివరి మాట నేను మామ వైపు చూసి రెండుసార్లు చెప్పాను. నురగ మొదట కాఫీ రంగులో వచ్చింది, తర్వాత తారు రంగులో. పక్కింటామె గోడ మీది నుంచి చూసి, "ఏందన్నా, జీపుకు తలంటుతున్నరా? పండుగ గట్టిగనే ఉన్నది," అంది. మామ ఆమెకు వీపు పెట్టి కుర్చీ తిప్పుకున్నాడు.

జిడ్డు తేలిగ్గా పోలేదు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగాను. నా ఓపిక అయిపోతున్నకొద్దీ బ్రష్షు మీద బరువు పెరిగిందని మామ ఆరోపణ. కొంచెం పెరిగి ఉండొచ్చు. కానీ టాపు పలిగేంత బలం నా చేతిలో ఉంటే ఈపాటికి నా మేనేజర్ లాప్‌టాప్ పలిగేది.

సాయంత్రానికి ఆరింది. శుభ్రంగా ఉంది, కానీ మెరుపు లేదు. నలుపు పోయి పలక రంగులోకి దిగింది, అక్కడక్కడా బూడిద పూసినట్టుంది. మామ లేచి వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

"నా జీపు ముసల్ది అయింది."

"దాని అసలు రంగు ఇదే మామా. ఇన్ని రోజులు మేకప్‌లో ఉంది."

"ఏంది అసలు రంగు," అంటూ మామ తన తల సవరించుకున్నాడు. ఆయన తల మాత్రం నిగనిగలాడుతోంది. అత్తమ్మ ప్రతి నెలా దగ్గరుండి రంగు వేస్తుంది. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఎత్తకుండా ఆపుకోవడం నాకు ఎంత కష్టమైందో ఎవరికీ తెలియదు.

కడగడంతో పని అయిపోదు. కడిగాక రాయడానికి ఒక మందుంటుంది. నూనె కాదు, నీళ్లలా పల్చగా ఉంటుంది, ఎండ దెబ్బ తగలకుండా కాపాడుతుంది, ఆరాక చేతికి జిడ్డంటదు. అది ఫోన్లో ఆర్డర్ పెట్టాను. శుక్రవారం వస్తానంది. శుక్రవారం ఫోన్లో చూస్తే అది వరంగల్‌లో ఉంది. శనివారం పొద్దున కరీంనగర్‌లో ఉంది, మధ్యాహ్నం చిరునామా దొరకలేదని మళ్లీ ఎటో పోయింది. కస్టమర్ కేర్ ఆమె మీద అరిచాను. ఆమె, "మీ ఓపికకు ధన్యవాదాలు" అంది. నా పక్కన మామ కడుపు పట్టుకుని నవ్వాడు.

"కనీసం ఒక్కసారి మడిచి చూద్దాం మామా, రేపే కదా ప్రయాణం."

"ఎట్ల మడుస్తం? మందు పెట్టకుంట ఎండిపోయినదాన్ని మడిస్తె పలుగుతదని నీ ఫోనుల మనిషే చెప్పిండు గద. నేను గూడ విన్న."

నా వీడియోతోనే నన్ను కొట్టాడు. అత్తమ్మ ఆ మాట విని, తన పెరట్లో కాసిన గుమ్మడికాయను కడిగి తుడిచి సంచిలో పెట్టుకుంది. దేవుడికి పెట్టడానికి దాన్ని ఎన్నాళ్ల నుంచో కొయ్యకుండా ఉంచింది. తెరుద్దామని ఆమె ఒక్కసారి కూడా పట్టుబట్టలేదు. అదే నాకు నచ్చలేదు. నేనైతే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని.

ఆదివారం పొద్దున వాకిట్లోకి వస్తే మళ్లీ ఆ వాసన. జీపు నల్లగా నిగనిగలాడుతోంది. మామ చేతులు తుడుచుకుంటున్నాడు, పక్కన ఖాళీ నూనె సీసా. మామూలుగా పెట్టేదానికంటే ఎక్కువే పెట్టాడు. ఎండిపోయిందన్న బాధ కదా, ఎన్నాళ్లో ఉపవాసమున్న మనిషికి వడ్డించినట్టు వడ్డించాడు.

"మామా, ఏంటిది?"

"అత్తగారూరికి పోయేటప్పుడు గట్ల బూడిద మొఖంతోని పోతనా? అల్లున్ని నేను. ఊరు ఊరంత చూస్తది."

ఇది మా వైపు మనుషులకే అర్థమవుతుంది. అత్తగారి ఊరికి పోయేటప్పుడు అల్లుడి చొక్కా మడత నలగకూడదు, బండి మీద దుమ్ము ఉండకూడదు. అత్తామామలు చనిపోయి ఎన్నేళ్లయినా, ఆ క్వార్టర్‌లో ఎవరూ లేకపోయినా, అల్లుడు అల్లుడే. నేను అరవడం మొదలుపెట్టాను. అత్తమ్మ పట్టుచీరలో బయటికి వచ్చింది.

"చర్చికి పోయేటప్పుడు లొల్లి వద్దు. ఎక్కుండ్రి."

ఎక్కి, గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కూర్చున్నాక ఒకసారి తలెత్తి టాపు లోపలి వైపు చూసింది. తర్వాత దారి పొడవునా ఆమె పైకి చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అవి పత్తి రోజులు. కరీంనగర్ నుంచి పెద్దపల్లి మీదుగా మంచిర్యాల దాకా రోడ్డంతా పత్తి బండ్లే. ట్రాక్టర్లు, వ్యాన్లు, పైన వల కప్పి కొండలా ఎత్తిన పత్తి. వలలోంచి ఊడి గాల్లోకి లేచే పోగులు. రోడ్డు పక్క తుమ్మ చెట్లకు కూడా పత్తి పూసినట్టుంటుంది. మామ ఎప్పుడూ నెమ్మదిగా నడుపుతాడు, గాలి వేగానికి టాపు కొట్టుకుంటుందని. అట్లా ఒక పత్తి వ్యాన్ వెనకాల పడ్డాడు. నేను ఫోన్లో మందు సీసా ఎక్కడుందో చూస్తున్నాను. ముందు అద్దం మీద పోగులు వాలితే మామ వైపర్ వేశాడు. టాపుకు వైపర్ ఉండదు కదా.

గోదావరి దాటి, మంచిర్యాల దాటాక టీ తాగుదామని ఆగాం. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ జీపును చూశాడు.

"అన్నా, పరుపులు అమ్ముతున్నరా?"

దిగి చూశాం. నల్ల టాపు కనపడటం లేదు. మొత్తం పత్తి. నూనె ఎక్కడుంటే అక్కడ పత్తి, నూనె ఎక్కువున్న చోట మందంగా, తక్కువున్న చోట పల్చగా, మామ అరచేతి వరుసలు కూడా తెలుస్తున్నాయి. దాని మీద బొగ్గు లారీల నల్ల దుమ్ము సన్నగా చల్లినట్టు పడింది. మామ ఒక పోగు పట్టుకుని పీకాడు. అది సాగి, జిడ్డుతో ఇంకో మూడింటిని వెంటేసుకుని వేళ్లకంటుకుంది. నేను తడి టిష్యూతో తుడిచాను. పత్తి పోలేదు, టిష్యూ కూడా అంటుకుంది.

అత్తమ్మ గుమ్మడికాయ పట్టుకునే దిగి చుట్టూ తిరిగి చూసింది. "నూనె ఉన్నది, పత్తి ఉన్నది," అంది. "ఇగ అగ్గిపుల్ల ఒక్కటే తక్కువ."

టీ కొట్టాయన నవ్వు ఆపుకోలేక కెటిల్ వైపు తిరిగాడు. నాకు చెప్పాలని చాలా ఉంది. నేను చెప్పానా లేదా అనే వాక్యం నాలుక చివర కూర్చుని ఉంది. కానీ మామ ముఖం చూసి ఆగాను. ఆయన చేతికంటిన పత్తిని దులుపుకోవడం కూడా మానేశాడు.

"గిట్లెట్ల పోవాలె?" అన్నాడు. "గా గల్లీల అందరు చూస్తరు. ఫిట్టరు అల్లుడు పరుపులేసుకొచ్చిండంటరు." రోడ్డు వైపు తిరిగి, "జీపు ఈడనే పెట్టి ఆటోల పోదాం," అన్నాడు.

అత్తమ్మ ఆయన వైపు చూసింది. కోపంగా చూడలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని, గుమ్మడికాయను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"సరే. ఆటో పిలువు."

ఆ 'సరే' నాకు ఇప్పటికీ గుర్తుంది. దాంట్లో ఏ నిష్ఠూరమూ లేదు. గల్ఫ్ నుంచి ఈ ఏడు రాలేనని ఫోన్ వచ్చినప్పుడల్లా కూడా ఇట్లాగే సరే అని ఉంటుంది. మామకు కూడా ఏదో తగిలింది. ఆటో కోసం రోడ్డు మీదికి పోయినవాడు సగంలో ఆగి, వెనక్కి వచ్చి, జీపు చుట్టూ తిరిగాడు. తలుపు తీసి లోపలికి తల పెట్టి పైకి చూశాడు. లోపలి వైపు శుభ్రంగా ఉంది.

"లోపటికి మడిస్తె," అన్నాడు, మాతో కాదు, జీపుతో, "పత్తి కనవడది గద."

అత్తమ్మ గుమ్మడికాయను టీ కొట్టు బెంచీ మీద పెట్టేసింది.

టిచ్ బటన్లు ఇన్నేళ్లకు తుప్పు పట్టి బిగిసిపోయి ఉంటాయని నా భయం. ఒక్కొక్కటీ టక్కుటక్కుమని ఊడొచ్చాయి. నూనె వాటి సందుల్లోకి కూడా ఇంకింది మరి. ఈ సంగతి నేను మామతో ఎన్నడూ ఒప్పుకోను, మీరు కూడా చెప్పకండి. ఎండకు టాపు వెచ్చబడి కొంచెం మెత్తబడింది కూడా. వెచ్చగా ఉన్నప్పుడే మడవాలని వీడియోలో చెప్పాడు, ఇది నా ఖాతాలో వేసుకుంటాను. మామ ఒక పక్క, నేను ఒక పక్క కమాన్లు పట్టుకుని వెనక్కి వంచాం. కమాన్లు కీచుమన్నాయి. మధ్యలో ఎక్కడో టప్‌మని చిన్న చప్పుడు. మామ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి టాపు వెనకాల మడత పడి ఉంది, పత్తీ బొగ్గూ అన్నీ లోపల, పైన ఏమీ లేదు.

"ఇన్నేండ్ల సంది నేను అడిగితె తెరవలే," అంది అత్తమ్మ. "పత్తి అడుగంగనే తెరిచినవ్."

"ఎక్కే ఇగ. ముందట కూసో," అన్నాడు మామ, ఆమె వైపు చూడకుండా.

అత్తమ్మ ముందు కూర్చుంది. గుమ్మడికాయ నా ఒళ్లోకి వచ్చింది. బండి కదలగానే ఆమె కొంగు ఎగిరి నా ముఖాన కొట్టింది. లాగి నడుముకు చుట్టుకుంది. తల వెనక్కి వాల్చి పైకి చూసి, "మొగులు గింత పెద్దగుంటదా," అంది. రోజూ వాకిట్లో చూసే ఆకాశమే. ఆ మాట అనబోయి నేనే నోరు మూసుకున్నాను.

బెల్లంపల్లి చేరాక మామ నేరుగా చర్చి వైపు తిప్పలేదు. క్వార్టర్ల గల్లీలోకి తిప్పాడు. సగం తలుపులకు తాళాలు, కొన్నింటికి తలుపులే లేవు, గోడల్లోంచి రావి మొక్కలు. మిగిలిన గడపల దగ్గర పండుగ బట్టలు కట్టుకున్న మనుషులు చర్చికి బయలుదేరుతున్నారు. నేను వీడియో తీద్దామని ఫోన్ ఎత్తితే అత్తమ్మ వెనక్కి తిరిగి, "ఫోను జర పక్కకు పెట్టు, గుమ్మడికాయ దొర్లుతది," అంది. అందుకే ఆ రోజుది ఒక్క ఫొటో కూడా లేదు. రెండు చేతులూ ఆ కాయ చుట్టూ వేసి కూర్చున్నాను.

ఒక ముసలామె గడప మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవలే గది?"

"నేనే అక్కా. ఫిట్టరు బిడ్డను."

"నువ్వానే? గట్ల మొగులు మీద కూసున్నట్టు పోతున్నవు, బండికి కప్పు లేదా?"

"ఉన్నది. మా ఆయన దాసి పెట్టిండు."

ముసలామె నవ్వింది. ఇంకో ఇంట్లోంచి ఇంకొకరు బయటికి వచ్చారు. తాత సైకిల్ పెట్టే గోడ దగ్గర అత్తమ్మ మెడ తిప్పి వెనక్కి చూసింది. ఎవరో ఆమె చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచారు. ఆ పేరు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆమె పలికింది, చెయ్యెత్తి పలికింది, చిన్నపిల్లలా. గల్లీ చివరికి వచ్చాం. మామ ఎవరూ అడగకుండానే బండి తిప్పి మళ్లీ మొదటికి తెచ్చాడు. మళ్లీ తీసుకెళ్లాడు. చర్చి గంట కొట్టింది, ఆలస్యమైంది, పాస్టరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. గుమ్మడికాయను మిగతా పంటల మధ్య పెట్టి వచ్చి అత్తమ్మ కూర్చుంది, జుట్టంతా రేగిపోయి. సవరించుకోమని నేను సైగ చేశాను. వినలేదు.

తిరుగు దారిలో మామ టాపు వెయ్యలేదు. పత్తి మా నెత్తుల మీద వాలింది. ఆయన రంగు వేసిన తల మీద తెల్లగా వాలింది, నేను ఒక్క మాట కూడా అనలేదు. ఇది నా జీవితంలోనే రికార్డు.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఆ టప్‌మన్న చప్పుడు పగులే. మడత దగ్గర అడ్డంగా చీలింది, లోపల పత్తి జిడ్డుతో కలిసి పెచ్చులా కరుచుకుపోయింది. సోమవారం నా మందు సీసా వచ్చింది. రాశాను. పగులు మెరిసింది, అంతే. మామ నా షాంపూ అంటాడు, నేను ఆయన నూనె అంటాను. కుషన్ షాపాయన ఇద్దరివీ అంటాడట, మామ సగమే చెప్తాడు. ఇప్పుడు ఆయన కొత్త టాపు కుట్టిస్తానని ముచ్చట పడుతున్నాడు, ఈసారి ఇంకా మందంది, ఇంకా మంచిది. అత్తమ్మ వద్దంటోంది.

"కొత్తది ఏపిస్తె మల్ల మూస్తడు," అని నాకు విడిగా ఫోన్ చేసి చెప్పింది. "వాన పడ్డప్పుడు చూద్దాం తీ."

క్వార్టర్లు కూల్చే పని మొదలైందని నిన్ననే ఆ ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను. టాపు పాడైపోయిందని మామతో కలిసి బాధపడేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి, నేను ఇక్కడే ఉన్నాను. దాన్ని పగలకుండా ఇంకా పదేళ్లు కాపాడి, ఆ గల్లీ నేలమట్టమయ్యాక, అత్తమ్మను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేని చోట, ఎవరి కోసం తెరిచేవాళ్లమో మీరు చెప్పగలరా?